మూడో గూటికి దోసెడు మేత

బెలార్మినో చిగ్వాయ్ మూడు వారాలకోసారి, బుధవారం సాయంత్రం, గడ్డం గీసుకునేవాడు. మిగతా రోజుల్లో ఆ మొహం చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి గీసుకోవలసిన అవసరమూ లేదు. చుట్టూ సముద్రపు పాయ, పాయ మీద తెరిపి లేని వాన, ఆ వానలో తేలుతూ ఒక రేకుల ఇల్లు, ఇంటికి అటు మూడు ఇటు మూడు కట్టిన చిన్న వలగూళ్లు. గూళ్లలో సాల్మన్ చేపలు. గురువారం పొద్దున పుయెర్తో మొంత్ పట్నం నుంచి చేపల డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ కంటికి అడివి మనిషిలా కనబడకూడదని అతని పట్టుదల.

ఒకప్పుడు ఆ తేలే ఇంట్లో ఏడుగురు ఉండేవాళ్లు. పొయ్యి మీంచి కెటిల్ దిగేది కాదు. మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్ర ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరుగుతూ ఉండేది, అందరూ పీల్చేది ఒకటే గొట్టంతో. పేకాటలో తిట్టుకునేవాళ్లు, మర్నాడు పొద్దున్నే మర్చిపోయేవాళ్లు. తర్వాత పాయలో ఉన్న కంపెనీ పెద్ద గూళ్ల మేతంతా గొట్టాల్లోకీ కెమెరాల్లోకీ వెళ్లిపోయింది. మా పాయలో చేపకి ఎప్పుడు ఆకలేస్తుందో ఇప్పుడు పుయెర్తో మొంత్‌లో కుర్చీలో కూర్చుని తెర చూసేవాళ్లకి తెలుస్తుందట. ఒంటి మీద చుక్క వాన పడనివాడికి చేప ఆకలి ఎలా తెలుస్తుందో నాకైతే అర్థం కాదు, అయినా నన్నడిగిందెవరు. ఆరుగురిని ఇంటికి పంపేశారు. పరీక్ష కోసం పెట్టిన ఈ ఆరు చిన్న గూళ్లకి మాత్రం తూకం వేసి, చేత్తో చల్లి, కంటితో చూడాలి. దానికి ఒక్కడు చాలు. పందొమ్మిదేళ్లుగా మేత వేస్తున్నవాడు, పెళ్లీ పెటాకులూ లేనివాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోనివాడు ఎవరా అని చూస్తే యాభై ఎనిమిదేళ్ల బెలార్మినో కనిపించాడు.

రెండు వారాలు నీళ్ల మీద, ఒక వారం గట్టు మీద. నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ అతనికి తోడు రేడియో. పన్నెండున్నరకి దీవుల వాళ్లకి కబుర్లు చదువుతారు. ఫలానా ఆవిడకి మందులు పడవలో పంపాం, రేవుకి రమ్మనండి. ఫలానా ఆయన ఎడ్లు కంచె దాటి వచ్చేశాయి, తోలుకుపొమ్మనండి. బెలార్మినో అన్నీ వినేవాడు. ఎవరి కోడలికి నొప్పులొచ్చాయో, ఏ ఇంట్లో తద్దినమో అతనికి తెలుసు. ఒక్కోసారి రేడియోకి గట్టిగా సమాధానం కూడా చెప్పేవాడు. అతని పేరున కబురు రావడం మాత్రం ఎన్నడూ లేదు.

పరీక్ష సంగతి ఇది. పెంచే సాల్మన్ చేపకి మామూలుగా వేసే మేత చిన్నచేపల పొడి. పెంచే చేపలు పెరిగిపోయి, సముద్రంలో ఆ చిన్నచేపలు తరిగిపోతుంటే కంపెనీలు వేరే దారులు వెతుక్కుంటున్నాయి. కొన్ని సోయా పిండి కలుపుతాయి, కొన్ని ఈగపురుగుల్ని ఎండబెట్టి పొడి కొట్టి కలుపుతాయి. పని చేసేవాడు పక్షపాతం చూపకుండా బస్తాల మీద రంగు చీటీలే ఉంటాయి. ఒకటి, రెండు గూళ్లకి తెల్ల చీటీ బస్తా. మూడు, ఐదు గూళ్లకి పసుపు చీటీ. నాలుగు, ఆరుకి నీలం చీటీ. ఏ చీటీ వెనక ఏముందో బెలార్మినోకి చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? బస్తా మూతి విప్పితే తెల్లదానిలో చేప వాసన, పసుపుదానిలో వేయించిన పప్పు వాసన. అతను తెలియనట్టే ఉండేవాడు. తెలియనట్టు ఉండడం తన ఉద్యోగంలో భాగమని డాక్టరమ్మ మొదటి రోజే నవ్వుతూ చెప్పింది.

డాక్టరమ్మ పేరు సొలాంజ్ ఓయార్సూన్. ముప్పై రెండేళ్లుంటాయి. పైనెక్కడో రాజధానిలో పుట్టి పెరిగిన మనిషి, మా వాన ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు. వచ్చిన రోజున ఒక్కో గూట్లోంచి ఐదు చేపల్ని పట్టి, లవంగ నూనె కలిపిన నీళ్లలో నిద్రపుచ్చి, పొట్ట కోసి, పేగు తీసి పళ్లెంలో పరిచేది. పట్టివ్వడం, తుడవడం, సీసాల మీద నంబర్లు రాయడం బెలార్మినో పని. ఆవిడకి ఒక మంచి గుణముంది. ఏది చూసినా పక్కవాడికి కూడా చూపించందే ఉండలేదు.

"ఇలా రండి బెలార్మినో గారూ, ఈ భూతద్దంలోంచి చూడండి. ఇది ఒకటో గూటి చేప పేగు. లోపల మడతలు కనబడుతున్నాయా? సన్నగా, పొడుగ్గా?"

"ఆఁ, పావడా కుచ్చెళ్లలా ఉన్నాయి."

"ఇప్పుడు ఇది చూడండి. మూడోది."

బెలార్మినో చూశాడు. మడతలు పొట్టిగా, దళసరిగా, ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "వాచిపోయిందమ్మా."

"వాచిపోయింది. ఇక ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

"అంటే పొట్ట నిండా తిన్నా పస్తు ఉన్నట్టే."

ఆవిడ తలెత్తి చూసింది. "ఇదే సంగతి రిపోర్టులో నేను రెండు పేజీలు రాశాను, తెలుసా?"

ఆ ఒక్క మాట బెలార్మినోకి మూడు వారాలు వచ్చింది. గూళ్ల చుట్టూ తిరుగుతూ, వలలు కడుగుతూ, దుంపలు ఒలుస్తూ దాన్ని పదేపదే తలుచుకునేవాడు. మళ్లీ గురువారానికి ఏం చెప్తే ఆవిడ అలా తలెత్తి చూస్తుందా అని ఆలోచించేవాడు. ఆవిడ కోసం రొట్టె చేసేవాడు. తినేసి వెళ్లాక ఆవిడ గిన్నె వెంటనే కడిగేవాడు కాదు. ఇది ప్రేమా దోమా అని మా రేవులో ఎవడైనా వెకిలిగా అంటే వాడి నోరు కడగాలి. ఆ మనిషికి మాట్లాడే దిక్కు లేదు, అంతే.

మూడో గూడు వంటింటి కిటికీ కిందే ఉంది. మే నెల వచ్చేసరికి దాంట్లో చేపల అవస్థ చూడలేనట్టుగా తయారైంది. మేత గుళికని నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవి. తోక వెనక తెల్లటి దారాల్లాంటి రెట్ట వేలాడేది. తలలు పెద్దవిగా, వెన్నులు సన్నగా, ఒక మూలకి చేరి నిలబడి ఉండేవి. కోతకి తీసినవి పోగా అరవై చేపలుండాలి, యాభై రెండు మిగిలాయి.

"వీటికి మేత మార్చకూడదా అమ్మా?" అని ఆ నెల అడిగాడు.

"మారిస్తే పరీక్ష ఎందుకండీ? ఈ మేతతో ఎంత జబ్బు చేస్తుందో తెలియాలి నాకు. జబ్బు చేస్తుందని తేలితే ఈ మేత బయటికి పోదు. మీరు ఒక్క గుళిక కూడా ఎక్కువ వెయ్యొద్దు, తక్కువ వెయ్యొద్దు. మీ మేత లెక్కల పుస్తకంలో ఉన్న అంకె మీదే నా పనంతా నిలబడింది."

బెలార్మినో సరేనన్నాడు. సరేనన్న మాట అప్పటికి నిజమే.

జూన్‌లో గట్టు మీద వారం గడపడానికి వెళ్లాడు. మాకు అది చలికాలం, మా దీవిలో పంది కోసే కాలం. పంది కోసిన ఇంటివాళ్లు వేడి వేడి మాంసం ముక్కలు, కొవ్వులో వేగిన కండలు, తురిమిన దుంపలతో చేసిన మిల్కావ్ రొట్టె ఒక పళ్లెంలో సర్ది, గుడ్డ కప్పి, చుట్టుపక్కల గడపగడపకీ పంపుతారు. వాళ్లు కోసినప్పుడు వీళ్లకి వస్తుంది. దాన్ని యోకో అంటాం. అడిగి తెచ్చుకునేది కాదు, వద్దని తిప్పి పంపేదీ కాదు. మన పొయ్యి వాసన పొరుగువాడి ముక్కుకి తగిలాక వాడి పళ్లెం ఖాళీగా ఉండకూడదు. బెలార్మినో తల్లి సునీల్దా బతికున్నన్నాళ్లూ పిల్లల చేతికి కూడా ఇవ్వకుండా తనే పళ్లెం మోసుకెళ్లి ఇచ్చి వచ్చేది, పడని వాళ్లింటికి కూడా.

ఆ శనివారం నొల్బెర్తో వాళ్లింట్లో పంది కోశారు. నొల్బెర్తో బారియా పడవ నడుపుతాడు, బెలార్మినోతో బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. రెండిళ్ల మధ్య ఒక దుంపల మడే అడ్డం. మధ్యాహ్నం నుంచి కొవ్వు కరుగుతున్న వాసన వస్తూనే ఉంది. బెలార్మినో ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బల్ల తుడిచాడు. మాతే కాచి పెట్టుకుని గుమ్మం వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. మడి అవతల జనం నవ్వులు వినబడ్డాయి, అకార్డియన్ వాయించారు, పక్కింటికీ ఆ పై ఇంటికీ పళ్లేలు వెళ్లడం కిటికీలోంచి చూశాడు. అతని గుమ్మం దాకా ఎవరూ రాలేదు. చీకటి పడే వేళకి లేచి నాలుగు దుంపలు ఉడకేసుకుని ఉప్పద్దుకుని తిన్నాడు. తిట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు.

సోమవారం తిరిగి నీళ్ల మీదకి వెళ్లాడు. ఆ సాయంత్రం ఒకటో గూటికి తెల్ల చీటీ మేత చల్లితే చేపలు ఎగిరెగిరి పడ్డాయి. నీళ్లు తుళ్లి వాసన గుప్పుమంది. అటు తిరిగేసరికి మూడో గూటి చేపలు వల అంచుకి వచ్చి, ఒకటో గూటి వైపు మూతులు పెట్టి నిలబడి ఉన్నాయి. ఆ వాసన వాటికీ తగిలింది మరి.

బెలార్మినో సామాను గదిలోకి వెళ్లాడు. పెద్ద గూళ్ల రోజుల నాటి చేపపొడి మేత సగం బస్తా మూల పడి ఉంది, ఏ లెక్కలోనూ లేనిది. రెండు చేతులూ జోడించి దోసెడు తీసి మూడో గూట్లో పోశాడు.

"తినండి. మీ వాటా" అన్నాడు.

తిన్నాయి. ఒక్క గుళిక అడుక్కి పోలేదు. అతనికి ఏడుపు వచ్చినంత పనైంది.

ఒక్క రోజే అనుకున్నాడు. మర్నాడు అదే వేళకి అవి ముందే వచ్చి ఎదురుచూస్తూ కనిపించాయి. రోజూ దోసెడు పోశాడు. అది తిన్నాక పసుపు చీటీ మేతని ముట్టుకునేవి కావు కాబట్టి, ఆ మేరకి పసుపుది తీసి గూటి బయట నీళ్లలో పారబోసేవాడు, బస్తా లెక్క తప్పకుండా. పుస్తకంలో ఎప్పటి అంకే రాసేవాడు. దోసెడు మేత పోసినప్పుడు అతనికి తప్పనిపించలేదు. అంకె రాసేటప్పుడు మాత్రం తెలుసు, అందుకే ఆ గీతలు గబగబా గీసి పుస్తకం మూసేసేవాడు. తను గట్టు మీదుండే వారం తన బదులు వచ్చే మనిషికి నడుం పట్టేసిందని కబురొస్తే, నేనే ఉంటాలే అని చెప్పి ఆ చలికాలమంతా గట్టు మొహం చూడలేదు. ఇంటికెళ్లి ఎవరి పొయ్యి వాసన పీల్చాలి గనక?

ఆగస్టు మొదటి గురువారం డాక్టరమ్మ మూడో గూటి చేప పొట్ట కోసి, పేగు పరిచి, భూతద్దం పెట్టి, కదలకుండా ఉండిపోయింది. ఇంకో చేప కోసింది. ఐదూ కోసింది. తర్వాత ఐదో గూటివి తీసి పక్కన పెట్టింది.

"బెలార్మినో గారూ, మేత ఒకటే కదా ఈ రెంటికీ? ఐదో గూటివి చూడండి, మంట పుట్టి ఉన్నాయి. మూడోవి చూడండి. మడతలు మళ్లీ లేస్తున్నాయి. అలవాటు పడుతోందండీ పేగు! దానంతట అదే బాగుపడుతోంది! ఇలా జరగొచ్చని అనేవాళ్లు కానీ ఎవరూ చూపించలేదు."

ఆవిడ రెండు చేతి తొడుగులూ విప్పేసి అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ చెయ్యిని ఎవరో మనిషి పట్టుకుని ఎన్నేళ్లయిందో.

రెండు వారాల తర్వాత మధ్యలోనే వచ్చింది, చేతిలో కాగితాలు పట్టుకుని. కంపెనీ పెద్దలు పొంగిపోయారట. సెప్టెంబరు నుంచి పాయలో ఉన్న పన్నెండు పెద్ద గూళ్లకీ పసుపు చీటీ మేతే వెయ్యాలని తీర్మానించారట. మొదట్లో కొన్ని చేపలు చిక్కినా తర్వాత సర్దుకుంటాయి కదా అని వాళ్ల ధీమా. మూడో గూటి మీద ఆవిడ వేరే పరిశోధన మొదలుపెడుతోంది.

"ఇక మీకు నా గోల తప్పదు. వచ్చే వారం నుంచి ప్రతి గురువారం వస్తాను. ఇదిగో, ఇది చూడండి." రిపోర్టు మొదటి పేజీ కింద వేలు పెట్టి చూపించింది. మేత బాధ్యత: బెలార్మినో చిగ్వాయ్. అచ్చులో. "కంపెనీలో మీ పుస్తకమంత శుభ్రమైన పుస్తకం ఇంకొకటి లేదని రాశాను."

ప్రతి గురువారం! ఆవిడ పడవ మలుపు తిరిగేదాకా బెలార్మినో చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి ఆవిడ వదిలి వెళ్లిన ఆ కాగితం బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాడు. నోరు తెరవకపోతే ఆవిడ వారం వారం వస్తుంది. తెరిస్తే ఇక రాదు. ఇంత సూటిగా ఉన్న లెక్క తప్పించుకునే దారి అతనికి కనబడలేదు.

శనివారం సామాన్లు తెచ్చిన నొల్బెర్తో దగ్గర కదిపి చూశాడు. విన్నంతసేపూ విని నొల్బెర్తో పగలబడి నవ్వాడు.

"చేపలకి యోకో పంపావట్రా? ఓరి నీ దుంపతెగ! రేపు వాటి తద్దినాలు కూడా పెడతావేంటి?"

"నవ్వకు. ఆవిడకి చెప్పాలా వద్దా, అది చెప్పు."

"చెప్పి ఏం బావుకుంటావ్? చేపలు బాగున్నాయి, ఆవిడ బాగుంది, పెద్దలు బాగున్నారు, నీ పేరు అచ్చులో పడింది. నోరు మూసుకుని కూర్చో."

బెలార్మినో సంచీలు అందుకున్నాడు. అడగనని అనుకున్న మాట నోరు జారింది. "మీరు పంది కోసిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాన్రా."

నొల్బెర్తో నవ్వు ఆగిపోయింది. "ఉన్నావా? మా ఆవిడ నువ్వు నీళ్ల మీదున్నావనుకుంది."

"ఆ రోజంతా నా ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది."

"ఎవరు చూశార్రా..." అని నసిగి, తాడు విప్పుతూ అన్నాడు, "ఏమనుకోకు బెలా. ఈ మధ్య నువ్వు ఉన్నా లేనట్టే ఉంటావు."

ఆ మాటలో కుళ్లు లేదు. అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

మర్నాడు ఆదివారం ఐదో గూట్లో పదకొండు చేపలు చచ్చి తేలాయి. ఐదోది ఇంటికి వెనకవైపు ఉంటుంది, కిటికీ లేని వైపు. మేత వేసి వచ్చేయడమే తప్ప బెలార్మినో అక్కడ నిలబడి చూసిన పాపాన పోలేదు. జబ్బు వాటికీ అదే. దోసెడు మాత్రం మూడో గూటికే అందింది. చేతివలతో ఒక్కొక్కటే తీసి తొట్టెలో వేస్తుంటే చేతికి ముళ్లే తగిలాయి. పాయలో కనుచూపు మేర పెద్ద గూళ్ల గుండ్రాలు వరసగా తేలుతున్నాయి. ఒక్కో దాంట్లో డెబ్భై వేలు. వాటన్నిటికీ ఈ మేతే రాబోతోంది, తను రాసిన అంకె చూసుకుని. వాటి దగ్గరికి దోసెడు మేత పట్టుకుని వెళ్లేవాడు ఎవడూ ఉండడు.

గురువారం డాక్టరమ్మ వచ్చింది. రొట్టె తింది, రెండోసారి అడిగి పెట్టించుకుంది. వాన గురించి విసుక్కుంది. పళ్లెం ముందు కూర్చుని కత్తి చేతిలోకి తీసుకున్నాక, ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని బెలార్మినోకి తెలిసిపోయింది.

"అమ్మా, మూడో గూటి పేగు దానంతట అది బాగుపడలేదు."

"అంటే?"

"నేను చేపపొడి మేత పోశాను. పాత బస్తాలోది. రోజూ సాయంత్రం."

ఆవిడ కత్తి కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"జూన్ పదిహేడు నుంచి. సోమవారం."

"ఎందుకు?"

ఎందుకో చెప్పబోయాడు. పంది గురించి, పళ్లెం గురించి, పొరుగువాడి ముక్కుకి తగిలే వాసన గురించి. రాజధానిలో పుట్టిన మనిషికి యోకో అంటే ఏమిటో మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటే అతనికే అది పిచ్చివాడి కథలా వినబడింది. సగంలో ఆపేశాడు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. లేచి వెళ్లి తూకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ బస్తా తీసుకురండి. ఎంత పోసేవారో అంత తీసి ఇందులో వెయ్యండి."

బెలార్మినో దోసెడు తీసి వేశాడు. నూట నలభై ఎనిమిది గ్రాములు. ఆవిడ రాసుకుంది. "మళ్లీ." నూట యాభై ఐదు. "మళ్లీ." పదిసార్లు తీయించింది. ఆరోసారి గుళికలు వేళ్ల సందుల్లోంచి జారిపోయి నూట ఇరవై వచ్చింది. "అలా కాదు, మామూలుగా తీసినట్టే తీయండి" అంది, కాగితం మీంచి తలెత్తకుండా. తొమ్మిదోసారి, పదోసారి అతను అలాగే తీశాడు, వాటికి పోసినప్పుడు తీసినట్టు, నిండుగా.

"మూడో గూడు పరీక్షలోంచి పోయింది" అంది చివరికి. "పెద్దలకి ఈ సాయంత్రమే చెప్తాను. పసుపు మేత పెద్ద గూళ్లకి రాదు. పరీక్షలోంచి తీసేసిన చేపల్ని ఉంచకూడదు, మీకు తెలుసుగా రూలు."

"వేరే గూట్లోకి మార్చలేమా అమ్మా? బాగున్నాయి కదా అవి."

"బాగున్నాయి. ఎందుకూ పనికిరావు."

మధ్యాహ్నమంతా అదే పని. మేతకని చెయ్యి చాస్తే పరుగెత్తుకొచ్చే చేపలు కాబట్టి వల వేసి తరమవలసిన పని కూడా లేకపోయింది. గుప్పెడు చూపిస్తే వచ్చేశాయి. ముప్పై రెండు. బెలార్మినో పట్టి, మళ్లీ లేవకుండా లవంగ నూనె ఎక్కువ కలిపిన నీళ్లలో వేశాడు, ఆవిడ లెక్క రాసింది. ఆఖరి నాలుగింటిని కోసి చూసింది. మడతలు సన్నగా, పొడుగ్గా, లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఈసారి అతన్ని రమ్మని పిలవలేదు. అతనే పక్కకి వచ్చి చూశాడు.

పడవ ఎక్కేముందు ఆవిడ ఆగింది. వానకి తల మీద ముసుగు లాక్కుంటూ అంది, "మీరు చెప్పి మంచి పని చేశారు. అది నాకు తెలుసు. కానీ ఇవాళ నాకు మీ మీద చాలా కోపంగా ఉంది, మాట్లాడలేను. ఏమీ అనుకోకండి."

"లేదమ్మా. వెళ్లి రండి."

ఉద్యోగం పోతుందని సంచీ సర్దుకుని కూర్చున్నాడు. పోలేదు. అక్టోబరులో కొత్త చేపపిల్లలు వచ్చాయి, పరీక్ష మొదటికి వచ్చింది. అవే ఆరు గూళ్లు, అవే మూడు రంగులు. పైవాళ్లు వేరే మనిషిని పెడతామంటే ఒప్పుకోనని డాక్టరమ్మే పట్టుబట్టిందని నొల్బెర్తో చెప్పాడు. "తప్పు చేసి తనంతట తనే చెప్పినవాడు కావాలి, చెయ్యలేదనేవాడు నాకొద్దు అందట్రా. నీ అదృష్టం." బెలార్మినో ఆ మాట విని సంతోషించాడు. ఎంత సంతోషించాడంటే, బుధవారం దాకా ఆగలేక ఆ రోజే గడ్డం గీసేసుకున్నాడు.

ఆవిడ మూడు వారాలకోసారి వస్తూనే ఉంది. రాగానే ముందు సామాను గదిలోకి వెళ్లి బస్తాలన్నీ తూకం వేస్తుంది. మునుపు ఎన్నడూ వెయ్యలేదు. అంకె సరిపోయాక వచ్చి, బాగున్నారా అని అడిగి పనిలో పడుతుంది. రొట్టె తింటుంది, థాంక్స్ అంటుంది. పేగు చూపించడానికి మాత్రం పిలవదు. తూకం కోసం ఆవిడ నోరు తెరిచి అడగక్కర్లేకుండా బెలార్మినో ముందే బస్తాల మూతులు విప్పి వరసగా నిలబెట్టి ఉంచుతున్నాడు.

డిసెంబరు మొదట్లో మూడో గూట్లో తెల్ల దారాలు మళ్లీ కనబడ్డాయి. వెన్నులు సన్నబడ్డాయి. ఒకటో గూట్లో నీళ్లు తుళ్లినప్పుడల్లా ఇవి వల అంచుకి వచ్చి నిలబడుతున్నాయి. బెలార్మినో పసుపు చీటీ మేతని గ్రాము తేడా లేకుండా తూచి, తీసుకొచ్చి, చివరి గుళిక దాకా చల్లాడు. కొన్ని తిని ఉమ్మేశాయి. మిగతావి ఇంకేమైనా ఉందేమోనని పైకి చూస్తూ ఉండిపోయాయి.

"లేదు" అన్నాడు బెలార్మినో. గిన్నె బోర్లించి వాటికి చూపించాడు. "ఇంతే. ఇంక లేదు."

అవి కదల్లేదు. అతనూ కదల్లేదు. తనే ముందు లోపలికి వెళ్లిపోవడం న్యాయం కాదనిపించి, అవన్నీ ఒక్కొక్కటే అడుక్కి దిగిపోయేదాకా వానలో అలాగే నిలబడ్డాడు.